సైనిక వాహనాల ఉపవ్యవస్థల ఇంజినీరింగ్: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులూ తల్లిదండ్రులూ తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికో, పైడితల్లమ్మ పండగకో చీపురుపల్లి వైపు ఊరికి వచ్చిన ప్రతిసారీ, డిప్లొమా, బీటెక్ చదువుతున్న పిల్లలూ వారి ఇంట్లో పెద్దలూ సైనిక వాహనాల ఇంజినీరునైన నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ రాసి పెడుతున్నాను. బహిరంగంగా అందరికీ తెలిసిన సమాచారానికే పరిమితమయ్యాను.

మీరు యుద్ధట్యాంకులు డిజైన్ చేస్తారట కదా. నిజంగా చేసే పని ఏమిటి?

ట్యాంకును ఏ ఒక్కరూ డిజైన్ చేయరు. ఇంజిను, గేర్‌బాక్సు, శీతలీకరణ, సస్పెన్షన్, ట్రాకు, టరెట్‌ను (ఫిరంగి ఉండే పై భాగాన్ని) తిప్పే డ్రైవులు, ఫిరంగిని కుదురుగా నిలిపే స్థిరీకరణ, గన్నరు గురి చూసే సైటు, విద్యుత్ సరఫరా, రేడియో, లోపల మంట లేస్తే క్షణంలో ఆర్పే ఏర్పాటు, ఇలా పదుల కొద్దీ ఉపవ్యవస్థలు ఉంటాయి. ఒక్కో ఇంజినీరుకు వాటిలో ఒకటి, ఒక్కోసారి ఒకదానిలో ఒక భాగం అప్పగిస్తారు. సైన్యం ఇచ్చిన అవసరాల పత్రంలో తన భాగానికి వర్తించే వాక్యాలను అంకెలుగా మార్చడం, ఆ అంకెలకు సరిపోయే రూపకల్పన చేయడం, తయారైన నమూనా ఆ అంకెలను అందుకున్నదో లేదో పరీక్షించి రాతపూర్వకంగా నిరూపించడం, అందుకోకపోతే కారణం వెతకడం అతని పని. ఈ నాలుగింటిలో బయటివారికి కనిపించేది రెండోది. నా అనుభవంలో ఎక్కువ కాలం తినేవి మూడోదీ నాలుగోదీ.

ఉపవ్యవస్థను విడిగా బాగా తయారుచేస్తే సరిపోదా?

సరిపోదు. ఈ వృత్తిలో కష్టమంతా రెండు ఉపవ్యవస్థలు కలిసే గీత దగ్గరే ఉంటుంది. విజయనగరం వాళ్లకు సిరిమానును గుర్తుచేస్తే ఈ మాట తేలికగా అర్థమవుతుంది. బండి మీద నిలిపిన పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చొని ఊరేగేటప్పుడు, కింద చక్రం చిన్న గుంతలో దిగినా పైన కొస ఎంతగా ఊగుతుందో మనం చూస్తూనే ఉంటాం. ట్యాంకు ఫిరంగి గొట్టం పరిస్థితీ అదే. కింద సస్పెన్షన్ మింగలేకపోయిన కుదుపంతా గొట్టం కొసకు చేరుతుంది. దాన్ని సరిదిద్దడానికి గైరోస్కోపులు కుదుపును కొలిచి, డ్రైవులు గొట్టాన్ని వ్యతిరేక దిశలో తిప్పుతాయి. గురిలో ఒక మిల్లీరేడియన్ (డిగ్రీలో సుమారు పదిహేడో వంతు) తేడా వస్తే రెండు కిలోమీటర్ల దూరంలో గుండు రెండు మీటర్లు తప్పిపోతుంది. ట్యాంకు ఎత్తే దాదాపు రెండు మీటర్లకు కొంచెం ఎక్కువ కాబట్టి, ఆ ఒక్క మిల్లీరేడియన్‌తో గుండు లక్ష్యం మీదుగా దాటిపోవచ్చు.

ఇప్పుడు సస్పెన్షన్ ఇంజినీరు ఖర్చు తగ్గుతుందని కొంచెం గట్టి స్ప్రింగు వాడాడనుకోండి. అతని పరీక్షల్లో అంతా బాగానే ఉంటుంది, తప్పు మాత్రం స్థిరీకరణ ఇంజినీరు పట్టికలో కనిపిస్తుంది. ఎండ కూడా ఇందులో పాత్రధారే. మధ్యాహ్నపు ఎండకు గొట్టం పైభాగం కింది భాగం కంటే ఎక్కువ వేడెక్కి, గొట్టం కంటికి కనిపించనంతగా వంగుతుంది. అందుకే గొట్టానికి ఉష్ణ కవచం తొడుగుతారు. ఆ తొడుగు బరువు తిరిగి గొట్టం సమతూకాన్ని మారుస్తుంది, దానితో డ్రైవు మోటారుపై భారం మారుతుంది. ఒకరి పరిష్కారం పక్కవారి సమస్యగా మారకుండా చూసే ఇంజినీరుకే ఈ రంగంలో విలువ.

బరువు గురించి అంత పట్టింపు ఎందుకు?

అర్జున్ ట్యాంకునే తీసుకోండి. మొదటి రూపం బరువు సుమారు 58.5 టన్నులు, ఇంజిను శక్తి 1,400 హార్స్‌పవర్, అంటే టన్నుకు దాదాపు 24 హార్స్‌పవర్. అదనపు రక్షణ, మందుపాతరలను తొలగించే నాగలి వంటి మార్పులతో వచ్చిన మార్క్-1ఎ రూపం సుమారు 68 టన్నులు. ఇంజిను అదే కావడంతో టన్నుకు దక్కే శక్తి దాదాపు 20.6కి దిగింది. ప్రతి మార్పూ విడిగా చూస్తే అవసరమైనదే, కానీ వాటి మొత్తం భారాన్ని ఇంజిను, గేర్‌బాక్సు, ట్రాకు, దారిలో వచ్చే వంతెనలు మోయాలి. 46.5 టన్నుల టీ-90కి 1,000 హార్స్‌పవర్ ఇంజిను ఉంటుంది, అంటే టన్నుకు 21.5. ఈ భాగహారం తరగతిలో చేస్తే చిన్నపిల్లల లెక్కలా ఉంటుంది. సమావేశంలో మాత్రం మీ బ్రాకెట్టు నుంచి 300 గ్రాములు తగ్గించమని అడిగితే ఎందుకు అడుగుతున్నారో ఈ లెక్కే చెబుతుంది.

లద్దాఖ్ వంటి చోట్ల కష్టం మరో రూపంలో వస్తుంది. 4,500 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతుల కంటే తక్కువ. ఇంజినుకు ఊపిరి అందదు. దానికి తోడు రేడియేటరును చల్లబరిచే ఫ్యాను అదే వేగంతో తిరిగినా తక్కువ గాలినే తోస్తుంది. అక్కడి అవసరాల కోసమే ప్రభుత్వ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో, ప్రైవేటు సంస్థ ఎల్ అండ్ టీ కలిసి సుమారు 25 టన్నుల జొరావర్ తేలికపాటి ట్యాంకును రూపొందించి 2024లో బయటపెట్టాయి.

మూల్యాంకనం, అంటే తయారైనదాన్ని పరీక్షించి తేల్చడం, నడిపి చూడడమేనా?

నడిపి చూడడం చివరి మెట్టు. మొదట కాగితం మీద లెక్కలు, కంప్యూటర్ అనుకరణ ఉంటాయి. తర్వాత విడిభాగాన్ని టెస్ట్ రిగ్ (పరీక్షల కోసం కట్టిన చట్రం) మీద కట్టి పరీక్షిస్తారు, ఆపై ఉపవ్యవస్థ మొత్తాన్ని, ఆపై వాహనంలో బిగించి ట్రాకు మీద పరీక్షిస్తారు. అవన్నీ దాటాక సైన్యమే తన సిబ్బందితో రాజస్థాన్ ఎడారిలోనూ ఎత్తైన చలి ప్రదేశాల్లోనూ వినియోగదారు ట్రయల్స్ జరుపుతుంది. మన దగ్గర ఎలక్ట్రానిక్, విద్యుత్ పరికరాల వాతావరణ పరీక్షలకు జేఎస్‌ఎస్ 55555 అనే ప్రమాణం ఉంది. అమెరికా సైన్యపు మిల్-ఎస్‌టీడీ-810, విద్యుదయస్కాంత జోక్యానికి సంబంధించిన మిల్-ఎస్‌టీడీ-461 కూడా తరచుగా వాడతారు. వేడి, చలి, కంపనం, కుదుపు, ధూళి, వాన, ఉప్పుగాలి, బూజు, ఒక్కొక్కదానికి ఒక్కో పరీక్ష. బూజుకు పరీక్ష ఏమిటని నవ్వేవారు ఉంటారు. వానాకాలంలో బీరువాలో దాచిన తోలు చెప్పులు ఏమవుతాయో తెలిసినవారు నవ్వరు. ఉప్పుగాలి సంగతి కళింగపట్నం, భావనపాడు తీరాల్లో సైకిలు కొన్నవారిని అడిగితే చాలు.

విద్యుత్తు విషయంలోనూ అంతే. పొలంలో మోటారు వేయగానే ఇంట్లో బల్బు మసకబారినట్టు, స్టార్టరు మోటారు తిరిగేటప్పుడు వాహనంలోని 28 వోల్టుల సరఫరా ఒక్కసారిగా పడిపోతుంది, పెద్ద మోటారు ఆగిన క్షణంలో పైకి ఎగురుతుంది. ఆ రెండింటికీ మీ కంప్యూటరు పెట్టె తట్టుకోవాలి. లేకపోతే ఇంజిను వేసిన ప్రతిసారీ అది మొదటి నుంచి మొదలవుతుంది, సరిగ్గా అవసరమైన క్షణంలో గన్నరు ముందు తెర నల్లగా ఉంటుంది.

ఇక్కడ రెండు మాటల తేడా గుర్తుంచుకోవాలి. అర్హతా పరీక్ష కొన్ని నమూనాల మీద, అవి దాదాపు పాడయ్యేంత కఠినంగా చేస్తారు. ఆమోద పరీక్ష తయారైన సరుకు మీద, దానికి హాని కలగకుండా చేస్తారు. ఇంటర్వ్యూల్లో ఈ తేడా అడిగితే తడబడేవారే ఎక్కువ.

ప్రతి భాగమూ 99 శాతం నమ్మదగినదైతే ఇంకేం కావాలి?

ఒకదాని వెనుక ఒకటిగా పనిచేయాల్సిన 20 భాగాలు ఒక్కొక్కటీ 99 శాతం నమ్మదగినవైతే, అన్నీ కలిసి పనిచేసే అవకాశం సుమారు 82 శాతమే. 0.99ని ఇరవైసార్లు గుణించి చూడండి. ప్రతి ఐదారు ప్రయాణాల్లో ఒకటి మధ్యలో ఆగిపోయే బస్సును మన ఊళ్లో ఎవరూ ఎక్కరు.

మీ పరీక్షల్లో పాసైన భాగం తర్వాత విఫలమైన సందర్భం ఉందా?

ఉంది. చేరిన తొలి ఏళ్లలో ఒక విద్యుత్ జంక్షన్ పెట్టెను నేను పరీక్షించాను. దాన్ని మందమైన అల్యూమినియం పలకకు బిగించి, పలకను కంపన యంత్రానికి బిగించి, నిర్ణీత గంటలు నడిపి, ఒక్క స్క్రూ కూడా వదులు కాలేదని సంతకం పెట్టాను. వాహనంలో బిగించాక కొన్ని వందల కిలోమీటర్లకే లోపలి కనెక్టర్లు అరిగి, సరఫరా వచ్చిపోతూ ఉండడం మొదలైంది. తప్పు పెట్టెలో లేదు. వాహనంలో అది పలుచని రేకు బ్రాకెట్టు మీద వేలాడుతోంది, ఇంజిను ఒక ప్రత్యేక వేగంతో తిరిగినప్పుడు ఆ బ్రాకెట్టు తన సహజ పౌనఃపున్యంలో కంపించి, కింద ఉన్న కుదుపును ఎన్నో రెట్లు పెంచి పెట్టెకు అందిస్తోంది. నేను పెట్టెను పరీక్షించాను, అది కూర్చునే చోటును పరీక్షించలేదు. బ్రాకెట్టుకు ఒక అంచు మడత, ఒక అడ్డపట్టీ కలిపితే సమస్య తీరింది. కానీ ఆ కారణం దొరకడానికి రెండు నెలలు పట్టింది. అందులో దాదాపు ఆరు వారాలు కనెక్టర్ల సరఫరాదారు మీద అనుమానంతోనే గడిపాము, అతని తప్పేమీ లేదని తేలాక నేనే ఫోను చేసి చెప్పాను.

ఏ శాఖ చదవాలి?

మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్, మెటలర్జీ, అన్నిటికీ చోటు ఉంది. మెకానికల్‌కు గిరాకీ లేదని నాలుగేళ్లుగా మన ప్రాంతంలో పిల్లలను భయపెడుతున్నారు, ఆ మాట ఈ రంగానికి వర్తించదు. మెకానికల్ వారు కంపనాలు, ఉష్ణ ప్రసారం, పదార్థాల బలం గట్టిగా చదవాలి. ఎలక్ట్రానిక్స్ వారు నియంత్రణ వ్యవస్థలూ పవర్ ఎలక్ట్రానిక్సూ, కంప్యూటర్ వారు సకాలంలో స్పందించే ఎంబెడెడ్ సాఫ్ట్‌వేరూ చదవాలి. మెటలర్జీని చాలామంది పట్టించుకోరు. గరివిడి, గర్భాం వైపు మాంగనీసు పేరు తెలియని ఇల్లు ఉండదు. సుమారు 12 నుంచి 14 శాతం మాంగనీసు కలిసిన హాడ్‌ఫీల్డ్ ఉక్కు దెబ్బ తగిలేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. ట్యాంకు ట్రాకు పలకలకు ఒకప్పుడు విస్తృతంగా వాడింది ఆ ఉక్కునే. మన నేలలో తవ్విన ఖనిజానికి ఇలాంటి ఉపయోగం ఉందని నాకు ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో గానీ తెలియలేదు.

మా జిల్లా కాలేజీలో చదివితే తీసుకుంటారా? ఐఐటీ కావాలా?

డీఆర్‌డీవోలో సైంటిస్ట్-బి అనే తొలి స్థాయి శాస్త్రవేత్త ఉద్యోగానికి ప్రథమశ్రేణి పట్టా, గేట్ మార్కులు, ఆపై ఇంటర్వ్యూ చూస్తారు, కాలేజీ పేరు కాదు. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ, ఎంవీజీఆర్, రాజాంలో జీఎంఆర్‌ఐటీ, టెక్కలిలో ఆదిత్య, ఎచ్చెర్ల దగ్గర ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. రాజాం 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉన్నా, అక్కడివారు ఇంకా మాది శ్రీకాకుళమే అంటారు, ఆ తగువు నాకు వద్దు. ఈ కాలేజీల్లో ఏ ఒక్కదాని గోడలూ మీకు అడ్డం కావు. అడ్డమయ్యేది ఒకటే, ప్రయోగశాల రికార్డును పై బ్యాచ్ వారి దగ్గర చూసి దించే అలవాటు. మూల్యాంకన ఇంజినీరుకు కొలత అన్నం లాంటిది. చేతితో కొలవని అంకెను పుస్తకంలో రాయడం అలవాటైనవాడిని ఏ రిగ్ దగ్గరా నిలబెట్టలేము.

ఉద్యోగాలు ఎక్కడెక్కడ ఉంటాయి?

ట్రాకు వాహనాల పరిశోధనకు కేంద్రం చెన్నై పక్కన ఆవడిలోని సీవీఆర్‌డీఈ. చక్రాల వాహనాలకు అహల్యానగర్‌లోని వీఆర్‌డీఈ. ఫిరంగులకు పూణేలోని ఏఆర్‌డీఈ, గురి చూసే సైట్లకు డెహ్రాడూన్‌లోని ఐఆర్‌డీఈ, కవచ లోహాలకు హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్ ఉన్నాయి. అర్జున్ ట్యాంకుకు వాడే కాంచన్ కవచం పుట్టింది డీఎంఆర్‌ఎల్‌లోనే. ఇవన్నీ డీఆర్‌డీవో ప్రయోగశాలలు.

ఉత్పత్తి వైపు, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును 2021 అక్టోబరు 1న ఏడు ప్రభుత్వ సంస్థలుగా విభజించారు. వాహనాల కర్మాగారాలు ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వచ్చాయి. ఆవడిలో ట్యాంకులు, ఇంజిన్లు తయారవుతాయి. తెలుగువారికి దగ్గరగా సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ కర్మాగారం ఉంది. అక్కడ బీఎంపీ-2 శరత్ పదాతిదళ వాహనాలు తయారవుతాయి. సుమారు 14 టన్నుల బరువు, ముగ్గురు సిబ్బంది, ఏడుగురు సైనికులు, 30 మి.మీ. ఫిరంగితో అది నీళ్లలో ఈదగలదు. వంశధారను దాటుతుందా అని ఒక పిల్లవాడు అడిగాడు. ఒడ్డు ఎక్కే చోట వాలు, బురద అనుకూలిస్తే దాటుతుంది, అసలు కష్టం ఎప్పుడూ నీళ్లలో కాదు, ఒడ్డు దగ్గరే. మందుపాతరలను తట్టుకునే ఆదిత్య వాహనం కూడా అక్కడిదే. దాని అడుగుభాగాన్ని వి ఆకారంలో మలచడంతో పేలుడు ఒత్తిడి పక్కలకు చెదిరిపోతుంది.

ప్రైవేటులో ఎల్ అండ్ టీ, టాటా, మహీంద్రా, భారత్ ఫోర్జ్, అశోక్ లేలాండ్ ఉన్నాయి. బీఈఎంఎల్, బీఈఎల్ ప్రభుత్వ రంగానివి. రాత్రిపూట చూసే పరికరాలు తయారుచేసే బీఈఎల్ శాఖ మచిలీపట్నంలో ఉంది. నాణ్యత తనిఖీకి రక్షణ శాఖలో డీజీక్యూఏ అనే విడి విభాగం ఉంది, డిజైన్ చేసినవారికీ తయారుచేసినవారికీ సంబంధం లేకుండా అది విడిగా తీర్పు చెబుతుంది.

జీతం?

సైంటిస్ట్-బి ఏడో వేతన సంఘం ప్రకారం లెవెల్ 10లో, 56,100 రూపాయల మూలవేతనంతో మొదలవుతుంది, భత్యాలు అదనం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోల్చి బాధపడేవారు ముందే ఆలోచించుకోవడం మంచిది.

సైన్యంలో చేరి ఇదే పని చేయవచ్చా?

చేయవచ్చు, కానీ కోణం వేరు. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) కోర్ అధికారులు వాహనాలను నడిచే స్థితిలో ఉంచుతారు, వారి కళాశాల సికింద్రాబాద్‌లో ఉంది. ఇంటర్ ఎంపీసీ తర్వాత టెక్నికల్ ఎంట్రీ పథకం, బీటెక్ తర్వాత షార్ట్ సర్వీస్ టెక్నికల్ కమిషన్ వంటి దారులు ఉన్నాయి. 1962లో మొదలైన కోరుకొండ సైనిక పాఠశాల ఉన్న జిల్లాలో ఇది కొత్త మాట కాదు. ఎడారిలో ట్యాంకు ఆగిపోయినప్పుడు దాన్ని విప్పి చూసిన అధికారి ఇచ్చే ఒక పేజీ నివేదిక, మా కంప్యూటర్ అనుకరణల కంటే ఎక్కువ నేర్పిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మా అమ్మాయికి ఈ ఉద్యోగం అనుకూలమా?

ప్రయోగశాలల్లో మహిళా ఇంజినీర్లు రూపకల్పనలోనూ పరీక్షల్లోనూ పనిచేస్తున్నారు. ట్రయల్స్‌కు వారాల తరబడి ఎడారిలో ఉండాల్సి వస్తుంది, ఆ ఇబ్బంది మగవారికీ అంతే. "ఆడపిల్లను అంత దూరం పంపుతామా" అనే తల్లిదండ్రులు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ హాస్టలుకు పంపేటప్పుడు ఆ మాట ఎందుకు అనరో నాకు అర్థం కాదు.

డిప్లొమా, ఐటీఐ చేసినవారికి?

డీఆర్‌డీవోలో సెప్టమ్ అనే నియామక విభాగం ద్వారా డిప్లొమా వారికి సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్, ఐటీఐ వారికి టెక్నీషియన్ ఉద్యోగాలు ప్రకటిస్తారు. కర్మాగారాల్లో అప్రెంటిస్ అవకాశాలు ఉంటాయి. మన జిల్లాల నుంచి ఓడల కర్మాగారాలకూ గల్ఫ్‌కూ వెళ్లే వెల్డర్లు ఎందరో ఉన్నారు. కవచ ఉక్కును అతకడం వెల్డింగ్ పనుల్లో చాలా కష్టమైనది. అతుకులోకి తేమ నుంచి హైడ్రోజన్ చేరితే, అప్పటికి బాగానే కనిపించిన అతుకు గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు పగులుతుంది. అందుకే ఎలక్ట్రోడ్లను ఓవెన్‌లో ఆరబెట్టి, పలకను ముందుగా వేడిచేసి, చాలా చోట్ల ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్ పూరక లోహం వాడతారు. ఈ విషయం తెలిసిన వెల్డరు మాటకు డిజైనరు డ్రాయింగు మార్చిన రోజులు నేను చూశాను.

తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంగ్లిష్ వల్ల ఇబ్బంది పడతానా?

మొదటి ఏడాది పడతారు. నేనూ పడ్డాను. అయితే ఇక్కడ కావాల్సింది గడగడా మాట్లాడే ఇంగ్లిష్ కాదు, నివేదికలో ఏం చేశాం, ఏం కొలిచాం, ఏం కనిపించింది, దాని అర్థం ఏమిటి అనే నాలుగింటినీ కలగలపకుండా రాసే ఇంగ్లిష్. "పరికరం బాగా పనిచేసింది" అని రాసేవారు చాలామంది. ఎంత వేడిలో, ఎన్ని గంటలు, ఎంత తేడాతో పనిచేసిందో రాసేవారు తక్కువ.

చదువుతుండగానే ఏం చేయవచ్చు?

ఎస్‌ఏఈ ఇండియా నిర్వహించే బాహా పోటీలో విద్యార్థులు సొంతంగా అన్ని నేలల మీదా నడిచే చిన్న వాహనం తయారుచేస్తారు. మీ కాలేజీలో జట్టు ఉంటే చేరండి, డ్రైవరు సీటు కంటే పరీక్షల పట్టిక అడిగి తీసుకోండి. జట్టు లేకపోతే ఇంకా తేలిక మార్గం ఉంది. కొన్ని వందల రూపాయలకు దొరికే యాక్సిలరోమీటర్ బోర్డును పొలంలోని డీజిల్ పంపుసెట్టుకో, ట్రాక్టరు మడ్‌గార్డుకో బిగించి, ఇంజిను వేగం మారుస్తూ కంపనాన్ని నమోదు చేయండి. ఏ వేగం దగ్గర కంపనం హఠాత్తుగా పెరిగిందో గుర్తించి, అక్కడ ఒక బరువు కట్టి మళ్లీ కొలవండి. ఇంటర్వ్యూలో ఆ గ్రాఫు తెచ్చిన అభ్యర్థితో మాట్లాడడానికి నేను ఎంతసేపైనా కూర్చుంటాను.

పని గురించి ఇంట్లో చెప్పకూడదా?

1923 నాటి అధికార రహస్యాల చట్టం వర్తిస్తుంది. చేరేముందు పోలీసు విచారణ జరుగుతుంది. ఊరి స్టేషన్ నుంచి కానిస్టేబులు వచ్చి పక్కింటివారిని అడుగుతాడు, కంగారు పడవద్దని ఇంట్లో ముందే చెప్పండి. పని వివరాలు, ఫొటోలు, ట్రయల్స్ తేదీలు ఫోనులో ఎవరికీ పంపకూడదు. మా అమ్మకు నేను "బండ్లు బాగుచేసే పని" చేస్తానని మాత్రమే తెలుసు.

కొన్నేళ్ల తర్వాత ఇంటి దగ్గరకు వచ్చి ఇలాంటి పనే చేయవచ్చా?

ట్యాంకుల పని మన జిల్లాల్లో లేదు. కానీ విశాఖపట్నంలో నౌకాదళ ఆయుధాల మీద పనిచేసే డీఆర్‌డీవో ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్, నావల్ డాక్‌యార్డ్, హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉన్నాయి. కంపనం, ఉప్పుగాలి, విద్యుత్ జోక్యం పరీక్షలు నేల మీది వాహనానికీ సముద్రం మీది ఓడకూ చాలావరకు ఒకే శాస్త్రంతో నడుస్తాయి కాబట్టి, బదిలీకో కొత్త ఉద్యోగానికో ప్రయత్నించినవారికి దారి మూసి ఉండదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో పొద్దున్నే రైలెక్కితే విశాఖ రెండు, మూడు గంటల ప్రయాణం.